రోగియైన శాస్త్రజ్ఞుడు: చార్లెస్ డార్విన్

1859వ సంవత్సరము నవంబరు 24వ తేదీన లండను నగరమున ఆకుపచ్చ గుడ్డ అట్టతో ఒక గ్రంథము వెలువడెను. ముద్రించిన ప్రతులు 1250. విక్రయమునకు పెట్టిన ప్రతులనన్నిటిని పుస్తక వర్తకులు రెండు దినములు ముందుగనే కొనివేసిరి. జీవజాతుల ఉత్పత్తిని గూర్చిన ఆ గ్రంథము విద్వల్లోకమును పునాదులతో కదిలింపనున్నది. అయితే ఆ వేళ గ్రంథకర్త లండనులో లేడు. ఉత్తరమున యార్క్‌షైరు కొండలలోని ఇల్క్లీ యను గ్రామమున ఒక జలచికిత్సాలయములో చన్నీటి స్నానములు చేయుచు, తడి దుప్పట్లు చుట్టించుకొనుచు కాలము గడుపుచుండెను. ఒక కాలు వాచినది. ముఖము నిండ దద్దురులు లేచి కన్నులు మూతలు పడుచున్నవి. ఒంటిమీద సెగగడ్డలు. గ్రంథమును గూర్చి వచ్చిన పొగడ్తలను, తెగడ్తలను ఆయన ఆ స్థితిలోనే చదువుకొనెను.

ఆ గ్రంథకర్త చార్లెస్ డార్విన్. అప్పటికి ఆయన వయస్సు 50 ఏండ్లు. అందులో ఇరువది యేండ్లకు పైగా కడుపుతో పోరాడుటలోనే గడచినవి. ఇంకను ఇరువదిరెండేండ్లు పోరాడవలసియున్నది. పక్షి ముక్కు వంకరకును, పువ్వు రేకు రంగునకును కారణము వెదకి చెప్పిన ఆ మహామేధావి తన జఠరములో జరుగుచున్నదేమో కడవరకు తెలిసికొనలేకపోయెను. ఇంగ్లండులో పేరుమోసిన వైద్యులెందరో ఆయన నాడి చూచిరి. ఒక్కరును నిస్సందేహమైన రోగనిదానము చేయలేకపోయిరి.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. వైద్యము వారి ఇంటి విద్య. తాత ఎరాస్మస్ డార్విన్ వైద్యుడు, కవి. తండ్రి రాబర్టు డార్విన్ ఆ ప్రాంతమంతటను హస్తవాసిగలవాడని పేరుపొందిన భిషగ్వరుడు. భారీ విగ్రహము, పదునైన చూపు. తల్లి సుసానా, ప్రసిద్ధమైన పింగాణి పాత్రల కర్మాగారము నెలకొల్పిన వెజ్‌వుడ్ వారి ఆడపడుచు. 1817లో ఆమె తీవ్రమైన కడుపునొప్పితో మరణించెను. చార్లెస్ అప్పటికి ఎనిమిదేండ్ల బాలుడు. ఆమె సోదరుడు టాం వెజ్‌వుడ్ కూడ చిరకాలము కడుపు బాధతో కృశించి నడివయస్సులోనే గతించెను. ఈ రెండు సంగతులును జ్ఞాపకముంచుకొనదగినవి. తరువాతి వైద్యులకు ఇవి పనికివచ్చినవి.

తండ్రి కోరికపై చార్లెస్ 1825లో వైద్యము చదువుటకై ఎడింబరో వెళ్లెను. మత్తుమందులు లేని దినములవి. ఒక పసిబిడ్డకు జరుగుచున్న శస్త్రచికిత్సను చూడలేక ఆయన గదిలోనుండి పరుగెత్తి బయటికి వచ్చెను. మరల ఆ గడప త్రొక్కలేదు. రెండేండ్లలో వైద్యవిద్యకు స్వస్తి చెప్పి కేంబ్రిడ్జి చేరెను. ఆనాడు వైద్యుడు కాలేకపోయినవాడు శేషజీవితమంతయు వైద్యుల వాకిళ్లలో కాచుకొనవలసివచ్చుట విధివిలాసము కాక మరేమి!

1831 డిసెంబరు 27వ తేదీన ఆయన బీగిల్ నౌకపై లోకప్రయాణమునకు బయలుదేరెను. నౌక కదలుటకు ముందు రెండు నెలలు ప్లిమత్ రేవులో నిరీక్షింపవలసివచ్చెను. ఆ దినములలో గుండెదడయు, గుండెలో నొప్పియు పుట్టెను. వైద్యునికి చూపించుకొన్నచో ప్రయాణమునకు తగవని చెప్పునేమో యను భయముతో ఆయన ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. నౌకలో ఐదేండ్లును సముద్రపు వాంతులు విడువలేదు. కాని నేలపై కాలు మోపినంతనే డార్విన్ మరియొక మనిషి. దక్షిణ అమెరికా పచ్చిక మైదానములలో గుర్రముపై వందలాది మైళ్లు తిరిగెను, ఆండీస్ పర్వతములెక్కెను, ఆరుబయట జీనుపై తలనుంచి నిదురించెను. 1834 శరత్కాలమున మాత్రము చిలీలోని వాల్పరైజో పట్టణమున నెలకు పైగా మంచము పట్టెను. అప్పుడు త్రాగిన క్రొత్త ద్రాక్షసారాయియే కారణమని ఆయన తలచెను.

మరుసటి సంవత్సరము మార్చి నెలలో, అర్జెంటీనాలో మెండోజా సమీపమున ఒక పల్లెలో రాత్రి బసచేసినప్పుడు, బెంచూకా యను పెద్ద నల్లని పురుగులు ఆయన ఒంటిపై ప్రాకి రక్తము పీల్చెను. నల్లి జాతికి చెందిన ఆ పురుగు పీల్చుటకు ముందు అట్టవలె పలుచన. పది నిమిషములైన పిదప గుండ్రని బుడగ. తరువాత చిక్కిన మరియొక పురుగు నౌకలోని ఒక అధికారి రక్తము ఒక్కమారు త్రాగి, నాలుగు నెలలు నిగనిగలాడుచు బ్రతికిన వైనమును డార్విన్ ముచ్చటపడి తన యాత్రాగ్రంథమున వ్రాసికొనెను. ఆ పురుగు తనకేమైన హాని చేసియుండునని ఆయనకు తోచలేదు. నూట ఇరువదేండ్ల తరువాత ఇతరులకు తోచినది.

1836 అక్టోబరులో స్వదేశము చేరిన కొలదికాలమునకే అసలు రోగము తల చూపెను. 1837లో గుండెదడ హెచ్చగా వైద్యులు పని మాని పల్లెపట్టున విశ్రాంతి తీసికొమ్మనిరి. ఆ విశ్రాంతి కాలముననే, ఆ లండను దినములలోనే, జీవపరిణామమును గూర్చిన భావములు ఆయన చిట్టాపుస్తకములలో మొలకెత్తుచుండెను. 1839 జనవరి 29వ తేదీన ఎమ్మా వెజ్‌వుడ్‌ను వివాహమాడెను. ఆమె డార్విన్ తల్లికి తోడబుట్టిన జోసయ్య వెజ్‌వుడ్ కుమార్తె. తెలుగునాట దీనిని మేనరికమందురు. మేనమామ కూతురిని చేసికొనుట ఇక్కడ వింత కాదు. ఇంగ్లండులోని సంపన్న కుటుంబములలోను ఆనాడు అది అరుదు కాదు. ఈ సంబంధము డార్విన్‌కు ఎనలేని సుఖమును, తరువాత ఒక పెద్ద దిగులును తెచ్చిపెట్టినది.

1842 సెప్టెంబరులో దంపతులు లండనును విడిచి, దానికి పదునారు మైళ్ల దూరమున కెంట్ మండలములోని డౌన్ గ్రామమున ఒక ఇల్లు కొని స్థిరపడిరి. డార్విన్ మిగిలిన నలువదేండ్లును ఆ ఇంటనే గడచినవి.

ఇక ఆ రోగ లక్షణములు. భోజనము చేసిన రెండు మూడు గంటలకు కడుపుబ్బరము, వికారము, పొడి త్రేనుపులు. ఆ పిదప వాంతి. వచ్చునది తిన్న అన్నము కాదు, పుల్లని నీరు. రాత్రి పడుకొన్నంతనే పొట్టలో వాయువు చేరి నిదుర పట్టనీయదు. వాంతికి ముందు వణుకు, కారణము లేని ఏడుపు, ప్రాణము పోవుచున్నట్లు భ్రాంతి. చెవులలో హోరు, కన్నులయెదుట నల్లని చుక్కలు, గాలిలో నడచుచున్నట్లు తల తిప్పుట. ఇవికాక గజ్జి, సెగగడ్డలు, తలనొప్పి, నీరసము. ఇష్టుడైన మిత్రునితో అరగంట మాటలాడినను ఆ రాత్రి జాగరణయే. అందుచేత ఇంటికి వచ్చిన స్నేహితులతో గడియారము చూచుకొని ముచ్చటించి మధ్యలో లేచి పోవలసివచ్చుచుండెను. చదువుగదిలో ఒక మూల అడ్డుతెర కట్టి, దాని వెనుక వాంతి చేసికొనుటకు ఒక పాత్ర పెట్టించుకొనెను. పరిణామవాదమునకు పుట్టినిల్లైన గదిలో అదియును ఒక సామగ్రి.

చావు దగ్గరనే యున్నదను భయము ఆయనను నీడవలె వెంటాడుచుండెను. 1844లో తన సిద్ధాంతమును 230 పుటలలో వ్రాసి ముగించి, జూలై 5వ తేదీన భార్యకు ఒక లేఖ వ్రాసిపెట్టెను. హఠాత్తుగా మరణించినచో ఆ వ్రాతప్రతిని సవరించి ప్రకటించుటకు తగిన విద్వాంసుని కుదుర్పవలెననియు, దానికై 400 పౌనులు వెచ్చింపవలెననియు అందలి సారాంశము. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు! యౌవనములోనున్న భర్త మరణశాసనమువంటి లేఖను చేతికిచ్చినప్పుడు ఎమ్మా మనస్సెట్లుండెనో ఊహింపవచ్చును.

ఈ బాధకు తోడు మరియొక బాధ కలదు. డార్విన్ పొడగరి, ముఖము ఎఱ్ఱగా ఆరోగ్యముతో కళకళలాడుచున్నట్లు కనబడును. చూచినవారు ఈయనకేమి రోగమనుకొనెడివారు. తాను నటించుచున్నానని పలువురు భావించుచున్నారని ఆయన మిత్రుడైన హుకరునకు వ్రాసికొని నొచ్చుకొనెను. దెబ్బ తగిలినచో గాయము కనబడును. జ్వరము వచ్చినచో ఒళ్లు కాలును. కడుపులోని బాధకు సాక్ష్యము లేదు. పేరులేని రోగమునకు సానుభూతి కూడ కొంచెమే.

1848 నవంబరు 13వ తేదీన తండ్రి మరణించెను. తన రోగమును గూర్చి డార్విన్ పూర్తిగా నమ్మిన వైద్యుడు ఆయన యొక్కడే; ఆయన చెప్పిన చిట్కాలను ఒక పుస్తకమున వ్రాసి పదిలపరచుకొనుచుండెను. వికారములు, వణుకు హెచ్చి యుండుటచేత డార్విన్ తండ్రి అంత్యక్రియలకు సకాలమున చేరలేకపోయెను. ఆ శీతకాలమంతయు చావు తప్పదనుకొనెను. అంతలో ఒక మిత్రుడు మాల్వెర్న్ పట్టణమందలి డాక్టరు జేమ్స్ గలీ పేరు చెప్పెను.

గలీ చేయునది జలచికిత్స. తెలుగుదేశమున ప్రకృతి చికిత్సాలయములు చూచినవారికి ఆ విధానము క్రొత్తగా తోచదు. 1849 మార్చిలో డార్విన్ భార్యాబిడ్డలతోను నౌకరులతోను అక్కడికి కాపురము తరలించి, దాదాపు నాలుగు నెలలుండెను. తెల్లవారుజాముననే దీపపు సెగతో చెమట పట్టించి, చన్నీటిలో తడిపిన ముతక తువాళ్లతో ఒళ్లంతయు రుద్దుదురు. పిదప నీరు త్రాగి నడక. పగలెల్ల పొట్టపై తడిగుడ్డ పట్టీ. పంచదార, వెన్న, మసాలాలు, ఉప్పుపంది మాంసము నిషిద్ధము. డార్విన్‌కు ప్రాణప్రదమైన నశ్యము పీల్చుటయు తగ్గింపబడెను. వారములు గడచినకొలది వాంతులు తగ్గెను, ఆకలి పుట్టెను, రోజునకు ఏడుమైళ్లు నడువగలిగెను. మందులన్నియు విఫలమైనచోట నీరు పనిచేసినది.

అయినను డార్విన్ బుద్ధి నీటిలో కరిగిపోలేదు. గలీకి దివ్యదృష్టి మీదను నమ్మకము కలదు. రోగి కడుపులోనికి చూడగల ఒక దివ్యదృష్టిగల స్త్రీని కలిసికొనుమని ఆయన డార్విన్‌ను బలవంతపెట్టెను. డార్విన్ ఒక బ్యాంకునోటును కవరులో పెట్టి అంటించి వెంట తీసికొనిపోయి, దాని సంఖ్య చెప్పినచో తన కడుపును గూర్చి ఆమె చెప్పినది విందుననెను. అటువంటి అల్పకార్యములు తన ఇంటి దాసి చేయునని ఆమె కోపగించుకొని, వెంటనే ఆయన ప్రేగులలోని ఘోరములను వర్ణింపసాగెను. డార్విన్ నవ్వుకొని తిరిగివచ్చెను. బాధతో మెలికలు తిరుగుచున్నను ఋజువు అడుగుట మానని మనిషి ఆయన.

ఆ ఋజువు కొఱకే కాబోలు, డౌన్ తిరిగివచ్చిన వెంటనే 1849 జూలై 1వ తేదీనుండి ఆయన ఒక ఆరోగ్యపు దినచర్య వ్రాయనారంభించెను. తోటలో బావి ప్రక్కన ఒక గుడిసె వేయించి, పైనుండి చన్నీటి ధార పడునట్లు ఏర్పాటు చేసికొనెను. చలికాలపు ఉదయములందును ఆ ధార క్రింద నిలుచుండెడివాడు. ఏ దినమున ఏ స్నానము, పగలెట్లు గడచినది, రాత్రియెట్లు గడచినది, వాయువెంత, వాంతులెన్ని, ఇవన్నియు పొట్టి గుర్తులతో వరుసలుగా వ్రాసి, నెల చివర మంచి దినములు లెక్కకట్టును. గాలిపటమువలె ఎగిరిపడు ఆ రోగమును దారము కట్టి పట్టుకొనవలెనని ఆయన యత్నము. 1855 జనవరి 16వ తేదీవరకు, అయిదున్నరేండ్లు, ఈ లెక్క సాగినది. దానినుండి ఏ సూత్రమును తేలలేదు. ఒకప్పుడు పథ్యము తప్పినను సుఖము. మరొకప్పుడు నియమమున నున్నను బాధ. వేలాది వాస్తవములనుండి ప్రకృతి నియమమును పిండిన ఆ బుద్ధికి తన దేహము మాత్రము ఒక్క నియమమును ఇచ్చినది కాదు. చివరకు విసిగి దినచర్యను కట్టిపెట్టెను.

మధ్యలో 1851 వసంతమున పెద్దకూతురు ఆనీకి వాంతులు, జ్వరము తగిలినవి. తనను బాగుచేసిన గలీవద్దకే డార్విన్ ఆమెను మాల్వెర్న్ తీసికొనిపోయెను. ఏప్రిలు 23వ తేదీన ఆ పదియేండ్ల బాలిక అక్కడనే కన్నుమూసెను. నిండు గర్భిణియైన ఎమ్మా డౌన్‌లో ఉండిపోవలసివచ్చినది; పడక ప్రక్క కూర్చుండి వాంతులు, నాడి, నిదుర గంటగంటకును వ్రాసి పంపినవాడు తండ్రి. తన కడుపే బిడ్డకు సంక్రమించినదేమో యను శంక ఆయనను ఆ దినమునుండి విడువలేదు. పుట్టిన పదిమందిలో ముగ్గురు చిన్నతనముననే పోయిరి; మిగిలినవారిలో కొందరికి తండ్రివలెనే అజీర్ణము, నీరసము. మేనరికమే దీనికి కారణమా? శాస్త్రజ్ఞుడు తండ్రిని ఓదార్పలేదు. తండ్రి శాస్త్రజ్ఞుని పనికి పురికొల్పెను. స్వపరాగముతో పుట్టిన మొక్కలను, పరపరాగముతో పుట్టిన మొక్కలను ప్రక్కప్రక్కన పెంచి పదునొకండేండ్లు కొలిచెను. స్వకులమున కలిసిన మొక్కల సంతానము పెక్కు జాతులలో బలహీనమని తేలెను; ఆ ఫలితములు 1876లో గ్రంథముగా వెలువడెను. 1871 జనాభా లెక్కలలో దగ్గరి బంధువుల వివాహములను గూర్చి ఒక ప్రశ్న చేర్పవలెనని మిత్రుడైన జాన్ లబ్బక్ ద్వారా పార్లమెంటునకు విన్నవింపజేసెను. సభ్యులు దానిని త్రోసిపుచ్చిరి. కుమారుడు జార్జి స్వయముగా లెక్కలు సేకరించి, 1875లో ప్రకటించెను. కీడు ఉన్నను స్వల్పమేయని అతని నిర్ణయము. తండ్రికి కొంత ఊరట కలిగియుండును.

రోగము డార్విన్ సమయమును దోచుకొన్నది. సముద్రపు రాళ్లకు అంటుకొనియుండు బార్నకిల్ జీవులపై ఎనిమిదేండ్లు పనిచేయగా, అందులో రెండేండ్లు జబ్బుకే పోయినవని ఆయన లెక్క. 1858లో వాలెస్ తూర్పుదీవులనుండి పంపిన వ్యాసములో తన సిద్ధాంతమే కనబడినప్పుడు డార్విన్ నిర్ఘాంతపోయెను. జూలై 1వ తేదీన లిన్నేయన్ సభలో ఇరువురి వ్రాతలును చదువబడినప్పుడు ఆయన అక్కడ లేడు. మూడు దినములు ముందే పసికొడుకు విషజ్వరముతో పోయినాడు. 1860 జూన్ 30వ తేదీన ఆక్స్‌ఫర్డులో హక్స్‌లీ, బిషప్ విల్బర్‌ఫోర్సు తలపడిన సుప్రసిద్ధ వాదము జరిగినప్పుడును, ఎవరి గ్రంథమును గూర్చి వాదమో ఆ గ్రంథకర్త రిచ్‌మండు దగ్గర మరియొక జలచికిత్సాలయములో నుండెను. 1864లో రాయల్ సొసైటీవారి కాప్లీ పతకము వచ్చినది. దానిని అందుకొనుటకును వెళ్లలేకపోయెను. 1866లో ఒక విద్వత్సభకు ఎట్టకేలకు పోగా, జబ్బు దినములలో పెరిగిన తెల్లని గడ్డముచేత పాత మిత్రులే ఆయనను ఆనవాలు పట్టలేకపోయిరి.

1863 మొదలు 1866 వరకు గడచినది అన్నిటికంటె దుష్కాలము. నెలల తరబడి ప్రతిదినమును వాంతులు. వైద్యుల వెంట వైద్యులు వచ్చిరి. జఠరరోగములలో ప్రవీణుడైన బ్రింటన్ చూచి, మెదడునకుగాని గుండెకుగాని మూలరోగము లేదనెను. రాణిగారి వైద్యుడు విలియం జెన్నరు సుద్ద, మెగ్నీషియా మొదలైన ఆమ్లహరములు మెండుగా ఇచ్చెను. కొంతకాలము వాంతులు ఆగినవి. 1865లో జాన్ చాప్‌మన్ వచ్చెను. సముద్రపు వాంతులకు వెన్నెముకపై మంచుసంచులు పెట్టుట మందని గ్రంథము వ్రాసినవాడీయన. డార్విన్ తన లక్షణములన్నిటిని ఒక కాగితముపై సూక్ష్మముగా వ్రాసి ఆయనకిచ్చెను. నేటి వైద్యులు తరచుగా ఆశ్రయించునది ఆ కాగితమునే. దినమునకు పలుమారులు వెన్నుపై మంచు పెట్టించుకొనెను. ఫలము శూన్యము. బెన్స్ జోన్స్ అను రసాయనజ్ఞుడైన వైద్యుడు, ఇది బయటపడని వాతరోగమని తలచి, ఆహారమును మాడ్చివేసి, మాంసము, కాల్చిన రొట్టె మాత్రమే తినుమనెను, గుర్రపుస్వారి చేయుమనెను. సాధువైన ఒక గుర్రమును కొనిరి. మనిషి చిక్కిపోయెను గాని తేరుకొనెను. మూడేండ్లకు ఆ గుర్రము తొట్రుపడి యజమానిని క్రింద పడవేయుటతో ఆ చికిత్సయు ముగిసినది.

ఆ వైద్యులను నిందించుట న్యాయము కాదు. రోగములకు సూక్ష్మజీవులు కారణమను సంగతి అప్పటికి స్థిరపడలేదు. దేహము లోపలిని చూపు ఎక్స్‌కిరణములు కనుగొనబడినది 1895లో. చేతులతో పొట్ట తడిమి, నాలుక చూచి, రోగి చెప్పినది విని ఊహించుటయే వారి సాధనము. ఊహను ఊహగా చెప్పక నిర్ణయముగా చెప్పుటయే వారి దోషము. ఎవరికి వారు అజీర్ణమనిరి, నరముల బలహీనతయనిరి, అణగియున్న వాతమనిరి. పేరు మారినప్పుడెల్ల పథ్యము మారెను. డార్విన్ ప్రతి చికిత్సను విశ్వాసముతో మొదలుపెట్టి, కొన్నినెలలు శ్రద్ధగా చేసి, ఫలము లేదని తేలినప్పుడు మౌనముగా మానివేసెడివాడు.

పథ్యమున ఆయనకు ఒక బలహీనత కలదు. తీపి పదార్థములన్న మక్కువ. తినకూడదని తరచుగా ఒట్టు పెట్టుకొనును. పైకి పలికిన ఒట్టే కట్టుబాటని, మనస్సులో పెట్టుకొన్నది లెక్కలోనికి రాదని ఆయన ధర్మశాస్త్రము! నశ్యపు జాడీని చదువుగదిలో కాక నడవలో పెట్టించెను. మాటిమాటికి లేచి పోవలెనన్న బద్ధకముచేతనైన తగ్గునని. నశ్యమునకై లేచి పోవుట మాత్రము తగ్గలేదట.

ఇంతటి రోగి ఇంతటి పని ఎట్లు చేసెను? కాలమును రూపాయివలె కాక కాసువలె లెక్కపెట్టి వాడెను. ఉదయము ఎనిమిదినుండి తొమ్మిదిన్నర వరకు వ్రాత. ఉత్తరములు విని, మరల పదిన్నరనుండి పండ్రెండు వరకు. అంతటితో ఆనాటి పెద్దపని సరి. పిమ్మట ఇంటి వెనుక ఇసుకబాటలో నడక. ఎన్ని చుట్లు తిరుగవలెనో అన్ని చెకుముకిరాళ్లు మలుపులో పెట్టి, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క రాతిని కాలితో తన్నును. మధ్యాహ్నము సోఫాపై పడుకొనియుండ ఎమ్మా నవలలు చదివి వినిపించును. రాత్రి భార్యాభర్తలు రెండేసి ఆటలు పాచికలాడుదురు. ఆ గెలుపోటములకును లెక్క కలదు. 1876 నాటికి తనవి 2795 ఆటలు, ఎమ్మావి 2490 అని ఒక అమెరికను మిత్రునకు గర్వముగా వ్రాసెను. ఆయన గ్రంథములన్నిటివెనుక ఎమ్మా పరిచర్య కలదు. బాధ వచ్చినప్పుడు ఆయన పిలుచునది ఆమెనే. ఆమె లేని ఊరిలో ఆయన ఉండజాలకపోయెను. జబ్బు తనకు కొన్ని సంవత్సరములను లేకుండ చేసినను, సభలనుండి, విందులనుండి తప్పించినదని ఆయన తన జీవితకథలో ఒప్పుకొనెను. ఆ మాట నిజమే కావచ్చును. అయితే రాత్రులు మేలుకొని చెల్లించిన వెలయు తక్కువది కాదు.

1860లో ఒక చిత్తడి నేలలో ఆయన కంటబడిన సన్‌డ్యూ అను చిన్న మొక్క కథ ఇచ్చట చెప్పదగినది. దాని ఆకులమీది జిగురు కేశములు పురుగులను పట్టి జీర్ణము చేసికొనును. డార్విన్ ఆ ఆకులకు మాంసపు తునకలు, గ్రుడ్డు తెలుపు, పాలు, చక్కెర, పిండి, నూనె మున్నగువానిని వేరువేరుగా పెట్టి, ఏది అరుగునో ఏది అరుగదో గంటల లెక్కన పరీక్షించెను. మాంసకృత్తులు అరుగును, పిండియు, కొవ్వును అరుగవు, జంతువు జఠరరసమువలెనే ఆ రసమునకును ఆమ్లము తోడుకావలెను. 1875లో వెలువడిన ఆ గ్రంథము మొక్కల జీర్ణశక్తిని స్పష్టముగా నిరూపించెను. తన కడుపు చెప్పని రహస్యమును ఆయన ఒక గడ్డిమొక్కచేత చెప్పించుకొనెను. గ్రంథమున ఆయన తన కడుపు మాట ఎత్తలేదు.

1873లో ఆండ్రూ క్లార్క్ అను వైద్యుడు కఠినమైన పథ్యము ఏర్పరచెను. ఆ పిదప చివరి పదియేండ్లలో వాంతులు చాలవరకు శాంతించెను. పథ్యముచేతనో, వయస్సుచేతనో తెలియరాలేదు. ఆ కాలముననే వానపాములపై గ్రంథము వ్రాసి 1881లో ప్రకటించెను.

ఆయన గతించిన తరువాత వైద్యులు విడువలేదు. 1909లో, డార్విన్ పుట్టిన సరిగా నూరేండ్లకు, బ్రెజిల్ దేశమున కార్లోస్ చాగస్ అను వైద్యుడు బెంచూకా జాతి పురుగులవలన సంక్రమించు ఒక రోగమును కనుగొనెను. అది ఏండ్ల తరబడి అణగియుండి గుండెను, ప్రేగులను దెబ్బతీయును. 1959లో సాల్ ఆడ్లర్ అను శాస్త్రజ్ఞుడు డార్విన్ రోగము ఇదియే యనెను. పురుగు కథ తెలిసినవారందరు ఔనౌననిరి. కాని గుండెదడ ప్లిమత్ రేవులోనే, పురుగు కుట్టుటకు మూడేండ్లకు పైబడిన ముందే యున్నదికదా యని 1965లో వుడ్రఫ్ అను వైద్యుడు అడ్డు చెప్పెను. కొందరు మనోవ్యాధియనిరి, దైవసృష్టిని కాదను సిద్ధాంతమును ఇరువదేండ్లు గుండెలో దాచుకొన్న భయమే కడుపును కుళ్లించినదని వారి వాదము. ఒకరు ఆయన వాడిన పాషాణపు మందును తప్పు పట్టిరి. 2005లో ఇరువురు పరిశోధకులు పాలలోని చక్కెర ఆయనకు అరుగకపోయెడిదనిరి. భోజనమైన రెండు మూడు గంటలకు బాధ కలుగుటయు, ఎమ్మా వంటల పుస్తకమున పాలు, మీగడ విరివిగా కనబడుటయు వారికి ఆధారములు. 2009లో ఒక ఆస్ట్రేలియా వైద్యుడు తల్లిని, మేనమామ టామును జ్ఞాపకము చేసి, తల్లివైపునుండి సంక్రమించిన వాంతిరోగమనెను. ఈ చివరి రెండు మతములును లక్షణములకు దగ్గరగా నున్నవి. అయినను పరీక్షింపదగిన రక్తపుబొట్టు ఎవరివద్దను లేదు.

1882 మార్చిలో ఇసుకబాటపై నడచుచుండగా గుండెలో నొప్పి వచ్చెను. ఆ పిమ్మట ఒంటరిగా అంతదూరము నడువలేదు. ఏప్రిలు 18వ తేదీ రాత్రి నొప్పి తిరుగబెట్టెను. మరునాటి పగలెల్ల చిరపరిచితమైన వికారమును, వాంతులును బాధించెను. ఎమ్మాయు, బిడ్డలును చెంతనుండగా 19వ తేదీ సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున ప్రాణము విడిచెను. శవపరీక్ష జరుగలేదు. డౌన్ గ్రామపు చర్చి ఆవరణములో, అన్నగారి సమాధి చెంత పూడ్చిపెట్టవలెనని కుటుంబమువారి తలపు. మిత్రులు ప్రభువర్గమును ఒప్పించి, 26వ తేదీన వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, న్యూటనుకు సమీపమున సమాధి చేయించిరి. పైనున్న రాతిమీద ఆయన పేరు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ మాత్రమే చెక్కియున్నవి.